రేకుల పొయ్యి దగ్గర పాటల డబ్బా

నా చిన్నప్పుడు మా పెరట్లోంచి కొబ్బరాకుల పొగ లేచిందంటే, మా పెద్దమ్మ రేకులు తీయడానికి కూర్చుందని వీధిలో అందరికీ తెలిసిపోయేది. పూతరేకులు తినని వాళ్ళుండరు గానీ, ఆ రేకు ఎలా పుడుతుందో చూసినవాళ్ళు మా గోదావరి లంకల వైపు తప్ప ఎక్కువమంది ఉండరు. బోర్లించిన కుండ కింద సన్నటి మంట ఉండాలి. నానబెట్టి రుబ్బిన జయ బియ్యం పిండి నీళ్ళంత పలచగా పళ్ళెంలో ఉండాలి. అందులో గుడ్డ ముంచి, రెండు చేతులతో సాగదీసి పట్టుకుని, కుండ వీపు మీదుగా ఒక్కసారి లాగాలి. పిండి కుండకు అంటుకుని ఇట్టే రేకవుతుంది. దాన్ని తీయడానికి సరైన అదను ఒకటుంది. తొందరపడితే చిరుగుతుంది, ఆలస్యమైతే ఎర్రబడి పెళుసెక్కుతుంది.

పెద్దమ్మ అంటే మా నాన్న అన్నగారి భార్య. మా పెదనాన్న నేను పుట్టకముందే పోయాడట. వాళ్ళకు పిల్లల్లేరు. ఆవిడ కోడలిగా వచ్చేటప్పటికి మా నాన్న లాగు కట్టుకోవడం కూడా రాని పిల్లాడట. ఆవిడే నీళ్ళు పోసి, అన్నం కలిపి పెట్టి పెంచింది. అందుకే మా నాన్న ఆవిడని వదినా అని పిలిచేవాడే గానీ, ఆ పిలుపులో వేరే పిలుపు వినపడేది. మా అమ్మ కూడా ఆవిడని ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. అయినా పెద్దమ్మకి ఒక పట్టుదల ఉండేది. ఈ ఇంట్లో ఊరికే కూర్చుని తినకూడదు. ఆ పొయ్యి ఉన్నన్నాళ్ళూ తనకి ఆ ఇంట్లో ఒక చోటు ఉందని ఆవిడ నమ్మకం. పొయ్యి లేకపోతే లేదనుకునేది. ఎవరూ అలా అనుకోలేదు, ఆవిడ ఒక్కతే అనుకుంది.

రేకులు తీసేటప్పుడు పెద్దమ్మ ఒక కూనిరాగం తీసేది. దానికి మాటల్లేవు. ఏ పాట ముక్కో కూడా ఎవరికీ తెలియదు. గుడ్డ లాగేటప్పుడు మొదలయ్యేది, ముక్కులోంచి చిన్నగా పైకి లేచి, ఒక మలుపు తిరిగి కిందికి దిగేది. దిగిన చోట రేకు చేతిలో ఉండేది. మళ్ళీ గుడ్డ, మళ్ళీ రాగం. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఆ రాగం మా చెవుల్లో పడుతూనే ఉండేది కాబట్టి మేమెవరం దాన్ని విననే లేదు. మన ఇంటి వెనక కాలువ పారుతుంటే ఆ చప్పుడు మనకి వినపడదు చూడండి, అలాగ.

మా నాన్న చెరకు ఆడే రోజుల్లో తణుకు వెళ్ళి పంచదార ఫ్యాక్టరీలో పని చేసేవాడు. ఒక ఏడు దసరాకి, తణుకు వెళ్ళబోయే ముందు, ఆయన రాజమండ్రి వెళ్ళి ఒక టేపురికార్డరు కొనుక్కొచ్చాడు. మేమంతా టేపురికార్డరు అనే అనేవాళ్ళం గానీ, అది రికార్డు చేసేది కాదు. కేసెట్టు పెడితే పాడుతుంది, అంతే. బడిపిల్లల పలకంత ఉండేది, కాస్త దళసరి. ఎర్రటి ప్లాస్టిక్కు, పైన చేత్తో పట్టుకోవడానికి పిడి. మా నాన్న దాన్ని అరుగు మీద పెట్టి, కొట్టువాడు చెప్పిన మాటలు వాడిలాగే చెప్పి చూపించాడు.

“ఇందులో రికార్డింగు ఉండదండి. ఇది చెప్తది గానీ వినదండి. అందుకే చవకండి, ఆయ్.”

మా అమ్మ వంటింటి గుమ్మంలోంచి, “చెప్పడమే గానీ వినడం తెలీనిది ఇంట్లో ఒకటి ఉండనే ఉందిగా. ఇంకోటి దేనికి?” అంది.

పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నాన్న కూడా నవ్వి, “నీకు కాదులే, మా వదినకి. పొగలో ఒక్కతీ కూర్చుంటది. నేను తణుకు పోతే పలకరించే దిక్కుండదు. పాటలన్నా ఉంటాయి కదా,” అన్నాడు.

పెద్దమ్మ ఆ డబ్బాని ఒళ్ళో పెట్టుకుని పసిపిల్ల వీపు నిమిరినట్టు నిమిరింది. తనకంటూ ఎవరైనా ఏదైనా కొని తెచ్చి ఎన్నాళ్ళయిందో ఆవిడకే తెలియాలి.

ఆ డబ్బా వల్ల మాకు కలిగిన సుఖం తక్కువదేం కాదు. తేలిగ్గా ఉండేది, నాలాంటి పిల్ల కూడా ఎక్కడికంటే అక్కడికి మోసుకుపోవచ్చు. మా పెరట్లో కరెంటు లేదు, ఇది సెల్లులతో పాడేది. నాన్న దాంతోపాటు ఒక భక్తిపాటల కేసెట్టు తెచ్చాడు. పొయ్యి దగ్గర ఆ పాటలు మొదలైతే చుట్టుపక్కల ఆడవాళ్ళు చేటలూ బియ్యమూ పట్టుకుని మా పెరట్లోకే వచ్చేసేవాళ్ళు. అంతకుముందు ఆ పొగలోకి ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. పెద్దమ్మ ముఖం తేటపడింది. మాటలు పెరిగాయి.

చవక వస్తువు కాబట్టి పేచీలూ ఉండేవి. కరెంటుతో పాడించాలంటే దానికి వేరే సరంజామా కొనాలట. ఉన్నట్టుండి టేపుని మింగేసేది. అప్పుడు లోపల చుట్టుకుపోయిన నల్ల రిబ్బనుని పురిటి మంత్రసానిలాగా మెల్లమెల్లగా బయటికి లాగి, పెన్సిలు పెట్టి తిప్పి చుట్టడం నా పని. అన్నిటికంటే పెద్ద పేచీ సెల్లులది. అది ఎంత చిన్నదో దాని ఆకలి అంత పెద్దది. సెల్లుల బలం తగ్గిపోతే మా అమ్మ వాటిని వడియాల పక్కన ఎండబెట్టేది. ఎండ తగిలితే వాటికి కాస్త ఊపిరి వస్తుందని మా వైపు అందరి నమ్మకం. నిజంగానే కాస్త వచ్చేది కూడా.

డబ్బా పాడుతుంటే పెద్దమ్మ కూనిరాగం మానేసింది. మానేసిందని అప్పుడు మాకు తెలియలేదు. రెండు పాటలు ఒకేసారి ఎవరు పాడతారు? కేసెట్టులో మొదటి పాట ఆవిడ చేతికి బాగా కుదిరింది. పాదం పాదానికీ గొంతు సాగి దిగేచోట రేకు లేచి వచ్చేది. ఆ పాట అయిపోతే నన్నో అమ్మనో పిలిచి వెనక్కి తిప్పించుకునేది. ఆ ఒక్క పాటే పొద్దస్తమానం పాడించేది. మిగతావి ఆవిడకి పనికిరాలేదు.

నాన్న తణుకు వెళ్ళిపోయాడు. చలి మొదలైంది. ఆ రోజుల్లోనే రేకులు పాడవడం మొదలుపెట్టాయి.

ముందు అంచులు ఎర్రబడ్డాయి. తర్వాత మధ్యలో గోధుమ రంగు మచ్చలు. తడి గుడ్డతో తుడిచి మడత పెట్టబోతే పుటుక్కుమని విరిగేవి. పట్నంలో మిఠాయి కొట్టున్న షావుకారమ్మగారు మా దగ్గర రేకులు తీసుకుని నెయ్యీ పంచదారా తామే పెట్టించి చుట్టించేవారు. ఆవిడ రిక్షా దిగి, రేకు ఒకటి వెలుతురుకి పట్టి చూసి, ఎంతో మర్యాదగా అన్నారు.

“ఏంటండి పెద్దమ్మగారూ, ఈసారి రేకు కాస్త మాడు వాసనొస్తందండి. ఒంట్లో బాగుంటం లేదా?”

“కొత్త బియ్యం అండి. పిండి కుదరలేదు,” అంది పెద్దమ్మ.

బియ్యం మార్చింది. ఆ తర్వాత కుండ మార్చింది. కొబ్బరాకులు మానేసి ఎండు గడ్డితో మంట పెట్టి చూసింది. ఏం చేసినా పొద్దున కొన్ని రేకులు తెల్లగా వచ్చేవి, మధ్యాహ్నం తీసినవి ఎర్రబడేవి. మళ్ళీ సాయంత్రం, మా అమ్మ సెల్లులు ఎండబెట్టి తెచ్చి వేశాక, ఇంకో రకంగా వచ్చేవి. ఇప్పుడు చెబుతుంటే మీకు ఇట్టే తెలిసిపోతుంది. ఆ పెరట్లో కూర్చున్న మాకు తెలియలేదు. పాట రోజుకి కాస్త కాస్తగా నీరసిస్తే చెవి కూడా దానితోపాటే నీరసిస్తుంది. రోజూ చూసే పిల్ల ఎదగడం కంటికి తెలియనట్టే అది కూడా.

షావుకారమ్మగారింట్లో మాఘమాసానికి పెళ్ళి కుదిరింది. “పాతవాళ్ళం కదండీ, మా పెళ్ళికి మీ చేతి రేకే వెయ్యాలని ఉందండి. ఈసారికి తెల్లగా ఇప్పించండి,” అన్నారు. ఆ మాటలో ఆఖరి అవకాశం అనే సంగతి దాగుందని నాకు కూడా అర్థమైంది. పెద్దమ్మ ఆ పూట అన్నం తినలేదు.

ధనుర్మాసం. తెల్లవారుజామున రామాలయం మైకులో పాటలు వేసేవాళ్ళు. ఒకరోజు పెద్దమ్మ బియ్యం కడుగుతుంటే, మా కేసెట్టులోని ఆ మొదటి పాటే మైకులో వచ్చింది. ఆవిడ చెయ్యి ఆపి విన్నది.

“ఏమే, గుళ్ళో వాళ్ళు పాటని ఇలా తరుముతున్నారేంటే? ఎనకాల ఎవరో పడ్డట్టు?”

నేను దుప్పట్లోంచే నవ్వాను. “వాళ్ళు తరమడం లేదు పెద్దమ్మా, పాట అంతే. ఇది వింటే ఇప్పుడు తెలుస్తుంది, మన డబ్బాలోనే అమ్మోరు పోసినోడిలాగా మూలుగుతుంది. సెల్లులు అయిపోయాయిగా.”

“ఎప్పట్నుంచే?”

“ఏమో. చాన్నాళ్ళయింది.”

బియ్యం గిన్నెలోంచి నీళ్ళు కారిపోతున్నా ఆవిడ కదల్లేదు. మైకులో పాట చివరంటా విన్నది. ఆ తర్వాత గిన్నె కింద పెట్టి, తన కుడిచేతిని చూసుకుంది. ఎవరిదో చెయ్యి తన ఒంటికి అతికించినట్టు చూసుకుంది.

ఆ రోజు డబ్బా వేయొద్దంది. సమస్య తీరిపోయిందని నేను సంబరపడ్డాను. డబ్బా ఆపేస్తే అయిపోయింది, మునుపటిలాగే తెల్లటి రేకులొస్తాయి. ఆవిడ గుడ్డ ముంచింది, లాగింది. నోరు కాస్త తెరిచింది. రాగం రాలేదు. మళ్ళీ ప్రయత్నించింది. వచ్చింది, కానీ అది డబ్బాలో పాట. అదీ నీరసపు నడకతోనే వచ్చింది. రేకు మాడింది. నాలుగైదుసార్లు అలాగే అయ్యాక నన్ను పక్కన కూర్చోమంది.

“అమ్మా, రేకు తెల్లగా ఉండగానే చెప్పవే నాకు.”

“నీకు కనపట్టంలేదా?”

పెద్దమ్మ మంటలోకి రెండు ఆకులు తోసింది. “కుండ కనపడతాది. చెయ్యి కనపడతాది. రేకే కనపడదే. అంతా పొగ లాగే ఉంటాది. ఎప్పట్నుంచో ఇంతే.”

“మరి ఇన్నాళ్ళూ ఎలా తీశావు?”

“పాడుకునేదాన్ని కదే.”

అంత మామూలుగా చెప్పింది. ఊళ్ళోకెల్లా పలచటి రేకు తీసిన మనిషి, కళ్ళతో చూసి కాదు, మాటల్లేని ఆ చిన్న రాగం కొలత మీద తీసింది. ఆ కొలత ఇప్పుడు పోయింది. ఎవరూ ఎత్తుకుపోలేదు. పగలంతా ఇంకో పాట పక్కన పెట్టుకుంటే, అదే జారిపోయింది.

నేను ఆ రాగం అందిద్దామని చూశాను. పుట్టిన దగ్గర్నుంచీ విన్నాను కదా. ముక్కుతో తీశాను. “అది కాదమ్మా,” అంది. ఇంకోలా తీశాను. “కాదే.” అమ్మని పిలిచాను. అమ్మ వంటింట్లోంచి వచ్చి, సంగతి విని, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పొయ్యి పక్కన కూర్చుని తనూ ఏదో తీసింది. మొదట్లో కొంచెం పోలినట్టే అనిపించింది. పెద్దమ్మ ముఖం వెలిగి, మెడ చాపి వింది. మలుపు దగ్గరికి వచ్చేసరికి అమ్మ ఎటు వెళ్ళాలో తెలియక ఆగిపోయింది. పెద్దమ్మ ముఖం మళ్ళీ మూసుకుపోయింది. ఒక ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళం, ఏళ్ళ తరబడి పొద్దున్నుంచి సాయంత్రం దాకా మోగిన రాగాన్ని పొయ్యి చుట్టూ కూర్చుని వెతుక్కున్నాం. దొరకలేదు.

కొత్త సెల్లులు కొని వేశాం. పాట గుళ్ళో మాదిరిగానే గబగబా నడిచింది. పెద్దమ్మ చెయ్యి ఆ నడకకి అలవాటు పడేలోపు రేకులు పచ్చిగా చిరిగాయి. అలవాటు పడ్డాక తెల్లటివి కొన్ని వచ్చాయి. ఆవిడ వాటిని వేళ్ళతో తడిమి చూసి, పక్కన పెట్టి, డబ్బా ఆపేసింది. “రేపు ఇలా పాడదుగా ఇది,” అంది. నేను బడి మానేసి పక్కనే కూర్చుని చెబుతానన్నాను. “రేకు రేకుకీ నువ్వు చెబితే అది నీ రేకవుద్ది. నేనెందుకు ఇక?” అంది. కోపంగా కాదు, నిజం చెప్పినట్టు చెప్పింది.

పెళ్ళికి మేమిచ్చిన రేకుల్లో షావుకారమ్మగారు మంచివి ఏరుకుని, మిగతావి గంపలోనే ఉంచేసి, “పర్వాలేదండి, పెద్దవారయ్యారు కదండీ, విశ్రాంతి తీసుకోండి,” అని రిక్షా ఎక్కారు. రిక్షా మా వీధి చివర ఇంకొకరి ఇంటి ముందు ఆగడం మా గుమ్మంలోంచే కనపడింది. పెద్దమ్మ నన్ను అడిగింది, “ఎటెళ్ళారే?” అని. పట్నం వెళ్ళిపోయారని చెప్పాను.

ఆ మాఘమాసం చివర్లో సెలవు దొరికి మా నాన్న రెండు రోజులకి వచ్చాడు. సంచీలో కొత్త సెల్లులు, ఇంకో కేసెట్టు. గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, “ఏం వదినా, డబ్బా బాగా పాడుతోందా?” అన్నాడు.

నేను చెప్పబోయాను. నోటిదాకా వచ్చింది. పెద్దమ్మ నా పక్కనే నిలబడి ఉంది. తన చెయ్యి నా నెత్తి మీద పెట్టి, పేలు చూస్తున్నట్టుగా, కాస్త గట్టిగా నొక్కింది.

“బాగుంది నాయనా,” అంది. “నా కళ్ళే బాలేవు. ఇహ పొయ్యి దగ్గర కూర్చోలేను.”

నాన్న కంగారుపడి మర్నాడే కాకినాడ తీసుకెళ్ళాడు. అది ఆపరేషనుతో తీసే పొర కాదని, వెనకాల నరం ఎండిపోతోందని, చేసేదేమీ లేదని డాక్టరుగారు చెప్పారట. తిరిగొచ్చాక నాన్న అరుగు మీద పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. చివరికి ఆ ఎర్ర డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టి, “నీకు ఇలా అవుద్దని ముందే తెలిసినట్టు కొన్నాను చూడు వదినా. పొయ్యి లేకపోతే పోయింది. పాటలన్నా వినొచ్చు,” అన్నాడు.

ఆవిడ దాని పిడి పట్టుకుని, “అవును నాయనా. ఇదొక్కటి మంచి పని చేశావు,” అంది.

అంత పెద్ద అబద్ధం అంత మెత్తగా చెప్పడం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు. తన చేతిలో పని పోయింది, తనకి ఈ ఇంట్లో చోటు అనుకున్నది పోయింది. ఎందువల్ల పోయిందో తనకి తెలుసు, నాకు తెలుసు. ప్రేమగా తెచ్చిన మరిదికి మాత్రం అది తెలియకూడదనుకుంది. ఒకరు మనసారా ఇచ్చిన దానివల్ల మనకు నష్టం జరిగితే, ఆ నష్టాన్ని మన ఒంటి మీద వేసుకోవాలని ఆ రోజు ఆవిడ నాకు నేర్పింది. అది మంచి పాఠమేనా అని ఈ వయసులో కూడా నాకు అనుమానమే. ఆ మంచితనం వల్ల ఆవిడ చూపు రాలేదు, రాగం రాలేదు. అరుగు మీద కూర్చుని, ఎవరైనా భోజనానికి పిలిస్తే, “నాకెందుకమ్మా ఇంత అన్నం,” అంటూ సగం వెనక్కి తీయించేసేది. పొయ్యి ఆరిపోయిన దగ్గర్నుంచీ అలాగే తినేది.

నాన్న వచ్చినప్పుడల్లా కొత్త సెల్లులు వేసి పాట పెట్టేవాడు. పెద్దమ్మ తల ఊపుతూ వినేది. ఆయన కళ్ళు ఆవిడ ముఖం మీద ఉండేవి, సంతోషంగా ఉందో లేదో చూసుకోవడానికి. నేను కింద కూర్చుని ఉండేదాన్ని కాబట్టి నాకు ఆవిడ ఒడి కనపడేది. ఆ ఒళ్ళో రెండు చేతులూ గాలిలో గుడ్డ పట్టుకున్నట్టు మోకాలి మీదుగా కదిలేవి. ఒక లాగు, ఒక ఆగడం. ఎప్పుడు ఎత్తాలో తెలియక అక్కడే ఆగి ఉండిపోయేవి.

ఇంకో రెండు వానాకాలాలు చూసి ఆవిడ పోయింది. డబ్బా అంతకుముందే పాడైంది. మా నాన్న మాత్రం తను పోయేదాకా వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, ఆఖరి రోజుల్లో మా వదినకి ఆ డబ్బాయే తోడండి అని. నేను పక్కనే ఉండి ఊఁ కొట్టేదాన్ని. ఇప్పుడు చెప్పడానికి ఆ ఇద్దరూ లేరు.

నాకు మిగిలింది ఒక్క అలవాటు. మా కోడలికో మనవరాలికో ఏదైనా కొనిచ్చి ఎలా ఉందని అడిగితే, “బాగుంది” అంటారు. ఆ మాట విన్నాక నేను వాళ్ళ ముఖం చూడను. చేతుల వైపు చూస్తాను.